గడ్డకట్టిన నేలపై రైలుకట్ట

టిబెట్ పీఠభూమి చాలావరకు 4,000 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉండటం వల్ల, వేసవి వేడి అక్కడి నేలలో లోతుకు దిగకముందే చలికాలం తిరిగి వస్తుంది. అందువల్ల పైపొర కింద మట్టి, రాయి, వాటి సందుల్లోని నీరు కలిసి ఏళ్ల తరబడి గడ్డకట్టే ఉంటాయి. వరుసగా కనీసం 2 సంవత్సరాలు సున్నా డిగ్రీల సెల్సియస్ వద్ద గానీ అంతకు దిగువన గానీ నిలిచే ఇటువంటి నేలను పెర్మాఫ్రాస్ట్ అనీ, దానిపైన ఏటా కరిగి మళ్లీ గడ్డకట్టే భాగాన్ని క్రియాశీల పొర అనీ వ్యవహరిస్తారు. ఈ పీఠభూమిలో చాలాచోట్ల గడ్డకట్టిన నేల సున్నాకు ఒకటి రెండు డిగ్రీలు మాత్రమే దిగువన ఉంటుంది కనుక, కొద్దిపాటి వేడి సోకినా దాని పట్టు సడలుతుంది.

1954లో చింఘై–టిబెట్ రహదారి ప్రారంభమై, తరువాతి దశాబ్దాలలో దానిపై తారు పరిచినప్పుడు ఈ బలహీనత బయటపడింది. నల్లని తారు ఎండను పీల్చుకుని, నేలలోని తేమ ఆవిరి కాకుండా అడ్డుకోవడంతో అడుగున మంచు కరిగి, రోడ్డు పలుచోట్ల కుంగి పగుళ్లిచ్చింది.

ఈ అనుభవమే రైలు మార్గానికి పునాది అయింది. గోల్ముద్ నుంచి లాసా వరకు 1,142 కిలోమీటర్ల మార్గం నిర్మాణం 2001లో మొదలై, 2006 జూలై 1న రాకపోకలు ప్రారంభం కాగా, ఆ మార్గంలో సుమారు 550 కిలోమీటర్లు పెర్మాఫ్రాస్ట్ మీదుగానే సాగుతుంది. కరగకుండా కాపాడటంతో సరిపెట్టక, నేలను చల్లబరచాలనే సూత్రంతో ఇంజనీర్లు కొన్నిచోట్ల పెద్ద రాళ్లతో కట్ట పోసి, చలిగాలి వాటి సందుల గుండా లోపలికి దిగే వీలు కల్పించారు. మంచు అధికంగా ఉన్న చోట్ల పట్టాలను వంతెనలపైకి ఎత్తగా, వాటిలో చింగ్‌షుయీ వంతెన 11 కిలోమీటర్లకు మించి సాగింది. కట్ట పక్కన పాతిన ఇనుప గొట్టాలలోని ద్రవ అమ్మోనియా, నేలలోని వేడిని గ్రహించి ఆవిరిగా పైకి లేచి, చలిగాలి తగిలి తిరిగి ద్రవమై కిందికి జారుతుంది. వేసవిలో పైభాగం నేలకంటే వెచ్చగా ఉండటం వల్ల ఈ ప్రసరణ తనంతట తానే ఆగిపోతుంది.

అయితే ఈ ఉపాయాలన్నీ కట్ట పొడవునా ఒక సన్నని పట్టీని మాత్రమే చల్లబరచగలవు. వాతావరణం వేడెక్కుతున్న కొద్దీ ఇరువైపులా క్రియాశీల పొర మందమవుతున్నందున, ఆ నేలను నిలకడగా గమనిస్తూ, మారినప్పుడల్లా మరమ్మతు చేయవలసిన బాధ్యత రైలు నడిచినంత కాలం కొనసాగక తప్పదు.