కోనేటిలో కరగని బెల్లం

అవ్వ కొంగుముడిలో బెల్లం అచ్చు ఉంది. మీరు ఆమె పక్కనే, మూసిన అంగడి అరుగు మీద కూర్చున్నారు. తమిళనాడులో తిరువళ్ళూరు, తేరడి దగ్గర వీధి. 2020 మార్చి 24, మంగళవారం, తెల్లవారి ఆరున్నర. ఈ రోజు ఫాల్గుణ అమావాస్య. రేపు ఉగాది.

మామూలు అమావాస్య అయితే ఈ పాటికి ఇక్కడ కాలు మోపే సందు ఉండదు. ముందు రోజు సాయంత్రానికే మద్రాసు నుంచీ చిత్తూరు వైపు నుంచీ జనం దిగిపోతారు. గుడి చుట్టూ చోటు దొరికినచోట తుండు పరుచుకుని పడుకుంటారు. ఈ ఊళ్ళో పడక చోటు వెతుక్కుంటూ వచ్చింది దేవుడే కదా. ముసలివాడి వేషంలో శాలిహోత్ర మహర్షి దగ్గరకొచ్చి, ఆయన తన కోసం ఉంచుకున్న పిండి కాస్తా తినేసి, ‘ఎవ్వుళ్?’ అన్నాడట, పడుకోవడానికి గది ఏదీ అని. ఆ ప్రశ్నే ఊరి పేరయింది. చోటు చూపిస్తే పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. ఆయనే వీరరాఘవుడు. వైద్య వీరరాఘవుడంటే ఈ చుట్టుపక్కల ఎవరికైనా తెలుస్తుంది.

కోనేటి పేరు హృత్తాపనాశిని. ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగా లేకపోయినా వచ్చి అందులో బెల్లం వేస్తారు. నీళ్ళలో బెల్లం కరిగినట్టు రోగం కరగాలని.

ఈ అమావాస్యకు వైద్యుడి తలుపు మూసి ఉంది. కరోనా భయంతో భక్తులకు దర్శనం ఆపేశారు, లోపల అయ్యవార్ల పూజలు మాత్రం సాగుతున్నాయి. తిరుమల కొండ మీదే దర్శనం ఆపేశాక ఇక్కడ ఆపరా అని జనం సర్దుకున్నారు. అవ్వ సర్దుకోలేదు. “గుడికి తలుపులుంటాయి గానీ కోనేటికి యేం తలుపులు నాయనా?” అని నిన్న సాయంత్రమే బస్సెక్కి వచ్చి చెల్లెలింట్లో పడుకుంది.

కోనేటి వైపు దారిలో ఒక పోలీసాయన నిలబడి ఉన్నాడు. ముక్కుకు చేతిరుమాలు కట్టుకున్నాడు. ముడి సరిగ్గా పడక అది మాటిమాటికీ జారుతోంది. “పాట్టీ, వీట్టుక్కు పోంగ” అంటున్నాడు. ఇంటికి పో అవ్వా అని. గొంతులో కోపం లేదు. అవ్వ కొంగు విప్పి బెల్లం చూపించబోతూ ఒక అడుగు ముందుకేసింది. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆ వెనకడుగును చూడండి. వారం కిందట ఈ ఊళ్ళో ఎవరికీ రాని అడుగు అది. అప్పటిదాకా పెద్దావిడ దగ్గరికొస్తే ముందుకు వంగేవాళ్ళు.

బెల్లం ఎవరికోసమో అవ్వ పోలీసాయనకు చెప్పలేదు, మీకు చెబుతోంది, అదీ గొంతు తగ్గించి. కొడుక్కి దగ్గు. తిరుత్తణి దాటి పొదటూరుపేట దారిలో పల్లె వాళ్ళది. ఇంట్లో రెండు మరమగ్గాలు. పగలూ రాత్రీ నూలు దుమ్ము పీల్చేవాడికి దగ్గు రాకపోతేనే ఆశ్చర్యం. పదేళ్ళుగా దగ్గుతున్నాడు, పదేళ్ళుగా ఎవరూ పట్టించుకోలేదు. ఈ పది రోజులుగా పక్కింటావిడ గోడ మీంచి చూస్తోంది. “యేం, ఇంకా తగ్గలేదా?” అని అడుగుతోంది. అడగడంలో తప్పేం లేదు. ఆ చూపుకే అవ్వ భయపడుతోంది.

చైనా, ఇటలీ అన్న పేర్లు అవ్వకు టీవీలో విన్న మాటలు. కానీ ఈ నెల 7న ఒమాన్ నుంచి వచ్చిన కాంచీపురం మనిషికి ఉందన్నారు. 12న నెల్లూరులో, ఇటలీ నుంచి వచ్చిన కుర్రాడికి ఉందన్నారు. కాంచీపురం ఒక పక్క, నెల్లూరు ఇంకో పక్క. రెండూ బస్సెక్కితే దిగే ఊళ్ళే.

కూతురికి ఫోన్ చేసిచ్చే పని మీకు పడింది. నంబరు నొక్కగానే అవతలి నుంచి ముందు ఒక దగ్గు వినిపిస్తుంది. ప్రభుత్వం పెట్టించిన హెచ్చరిక అది. అవ్వ ఉలిక్కిపడింది: “దానికీ వచ్చిందా?” కాదవ్వా, ఇది అందరి ఫోన్లోనూ ఉందని మీరు చెప్పాలి. దగ్గంటే భయం పుట్టించడానికి దగ్గునే వాడాలని ఎవరికి తోచిందో గానీ, పని మాత్రం జరిగింది.

“అమ్మా, ఈడ బస్సుల్లేవు. రేపు పండక్కి రాలేను” అంటోంది ఆంధ్ర సరిహద్దు అవతలి నగరి నుంచి కూతురు. తిరుత్తణికి నగరి ఎంత దూరం, సినిమా చూసి రాత్రికి ఇల్లు చేరేంత. ఇక్కడికి దగ్గర్లోనే పూండి చెరువు ఉంది. కండలేరు నుంచి కాలువ పట్టుకుని కృష్ణా నీళ్ళు సరిహద్దు దాటి అందులోకి వస్తాయి. అవ్వ కూతురు రాలేదు.

మందుల షాపు ముందు అట్టముక్క కట్టారు: మాస్కు లేదు, శానిటైజర్ లేదు. రెండు పొరల మాస్కు 8 రూపాయలు, మూడు పొరలది 10, శానిటైజర్ 200 మిల్లీలీటర్లు 100 దాటకూడదని కేంద్రం ధర కట్టి నాలుగైదు రోజులైంది. ధర దొరికింది, సరుకు దొరకలేదు. అవ్వ కొంగే మూతికి అడ్డం పెట్టుకుంది.

మధ్యాహ్నం బస్సు. సాయంత్రం ఆరు గంటలకు రాష్ట్రమంతా 144 సెక్షన్. ముఖ్యమంత్రి పళనిస్వామి నిన్న ప్రకటించారు. ఆ తర్వాత బస్సులుండవు, రైళ్ళు ఆదివారం అర్ధరాత్రే ఆగిపోయాయి. తమిళంలో దీన్ని ‘ఊరడంగు’ అంటున్నారు. ఊరు అణగడం. కర్ఫ్యూ అంటే పోలీసుల పని అనిపిస్తుంది, ఊరడంగు అంటే ఊరే తనంతట తాను ఒదిగి కూర్చున్నట్టుంటుంది. మంచి మాట. ఈ బస్సులో మాత్రం ఊరు ఇంకా అణగలేదు. మద్రాసులో కూలి పని మానేసి మూటలతో వెళ్ళిపోతున్నవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరున్నారు. దూరం పాటించండి అని కండక్టరు టికెట్లు కొడుతూనే అంటున్నాడు, ఆయన మోచేయి మీ చెవికి తగులుతోంది.

తిరుప్పాచూరు దాటేసరికి మాటలు మొదలయ్యాయి.

“రాత్రి హెలికాప్టర్లో మందు చల్లుతారంట, బట్టలు బయట ఆరెయ్యొద్దంట.”

“కోడి తింటే వస్తుందంటనే. మా ఊళ్ళో ఊరికే ఇచ్చినా తీసుకోవడంలే.”

“మొన్న ఆదివారం జనతా కర్ఫ్యూ అని పధ్నాలుగు గంటలు లోపలుంటే అది చస్తుందంటిరి గదన్నా. పళ్ళేలు గూడా కొడితిమి.”

“నువ్వు స్టీలుది కొట్టింటావు. ఇత్తడిది కొట్టాల్సింది.”

బస్సంతా నవ్వింది. అప్పుడే ముందు సీట్లో యూనిఫాంలో ఉన్న పిల్ల దగ్గింది. ప్లస్ టూ చివరి పరీక్ష ఇవాళే. బస్సుల కోసం అరగంట ఆలస్యంగా పదిన్నరకు మొదలుపెట్టి ఎలాగో జరిపించేశారు. ఆ దగ్గుకు నవ్వు తెగిపోయింది. తలలన్నీ అటు తిరిగాయి. పిల్ల సీసా పైకెత్తి చూపించింది, “నీళ్ళు పొలమారింది” అని. ఎవరూ అడగకుండానే. రెండుసార్లు చెప్పింది. అవ్వ ఆ పిల్ల వైపు చూసి, కొంగుముడి మీద చెయ్యి వేసుకుంది.

కనకమ్మసత్రం. దారిన పోయేవాళ్ళకు అన్నం పెట్టిన తల్లి పేరేమో ఇది. ఇప్పుడు ఇక్కడ టీ కొట్టు కూడా మూసి ఉంది.

తిరుత్తణి కొండ కనబడగానే అవ్వ దండం పెట్టింది. 365 మెట్లూ ఖాళీ. శూరపద్ముడితో యుద్ధం అయ్యాక మురుగన్ కోపం తణిగిన చోటు కాబట్టి తణిగై అంటారు. అవ్వ చిన్నప్పుడు ఈ ఊరు చిత్తూరు జిల్లాలో, ఆంధ్రలో ఉండేది. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. అప్పుడు ఆమెకు పదేళ్ళు. “మేం యాడికీ పోలేదు. ఊరే పోయింది” అంటుంది. ఆ సరిహద్దు గీత అరవై ఏళ్ళు కాగితం మీదే ఉంది. పెళ్ళిళ్ళు, నూలు, అప్పులు అన్నీ దాని మీదుగానే నడిచాయి. ఈ వారం మొదటిసారి అది నేల మీదకు దిగింది. ఇంకో నెలకు వేలూరు జిల్లాలో ఆంధ్రకు పోయే రోడ్డు మీద ఏకంగా గోడే కట్టి, గొడవయ్యాక తీసేస్తారు. ఆ సంగతి ఈ సాయంత్రం ఎవరికీ తెలియదు.

ఇల్లు చేరేసరికి ఆరు దాటింది. మగ్గాల చప్పుడు లేదు. నూలిచ్చే సావుకారు ఫోన్ చేసి ఇకమీదట నూలు బీము రాదన్నాడట. మగ్గం ఆగిన ఇంట్లో దగ్గు ఎక్కువ వినబడుతుంది. ఇన్నాళ్ళూ ఆ చప్పుడే దాన్ని దాచింది. కొడుకు తువ్వాలు నోటికి అదుముకుని దగ్గుతున్నాడు. కోడలు కిటికీ మూసింది. మార్చి ఎండల్లో.

ఎనిమిదింటికి టీవీలో ప్రధాని. హిందీ. ఇంట్లో ఎవరికీ రాదు. కింద తమిళం అక్షరాలు పరుగెత్తుతున్నాయి, మనవడు చదివి చెబుతున్నాడు. ఈ అర్ధరాత్రి నుంచి దేశమంతా, 21 రోజులు. అవ్వకు ఒక్క ముక్క మాత్రం ఎవరూ చెప్పకుండానే అర్థమైంది: లక్ష్మణరేఖ. “గడప దాటొద్దంటాండాడు” అంది.

“21 రోజులంటే ఎన్ని చీరలు?” కోడలు వేళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టి ఆపేసింది. వీధిలో తలుపులు తీస్తున్న చప్పుడు. చిల్లర అంగడికి పరుగులు. ఇంట్లో ఉండమన్న మాట విని ఊరంతా బయటికొచ్చింది.

తెల్లవారింది. వికారి నామ సంవత్సరం పోయి శార్వరి వచ్చింది. శార్వరి అంటే రాత్రి. పంచాంగం చదివే అయ్యవారు ఈ ఏడు ఇంటికి రాలేదు. అదీ ఒకందుకు మంచిదే అనుకున్నారు. వేపపువ్వు పెరట్లోదే, మామిడికాయ ఉంది, కొత్త చింతపండు నానేశారు. బెల్లం డబ్బా అడుగున పొడి మాత్రమే మిగిలింది. అంగడికి పోయిన మనవడు ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

అవ్వ కొంగు విప్పింది. అచ్చును రోటి అంచుకు కొట్టి పగలగొట్టి, చింతపండు నీళ్ళలో వేసి, వేళ్ళతో కలపడం మొదలుపెట్టింది. గదిలోంచి దగ్గు వినిపించింది. ఆమె ఒక్క క్షణం ఆగి, బెల్లం అంతా కరిగేదాకా మళ్ళీ కలుపుతూ కూర్చుంది.