ముందు స్ప్రింగులు కుంగితే.. జంటగానే మార్చాలి

గుంతల రోడ్లపై ఏళ్ల తరబడి బరువులు మోసిన ఎస్‌యూవీల ముందు కాయిల్‌ స్ప్రింగులు క్రమేణా కుంగుతాయి. పలువురు దీన్ని షాక్‌ అబ్జార్బర్ల లోపంగా భావించి, వాటిని మార్పించి నష్టపోతుంటారు. బండి బరువును మోసేది స్ప్రింగు. దాని ఊపును అదుపు చేసేది షాక్‌ అబ్జార్బరు.

గుర్తించడం ఇలా..
టైర్లలో గాలి సరిగా నింపి, ఖాళీ వాహనాన్ని చదునైన నేలపై నిలపాలి. చక్రం మధ్య నుంచి ఫెండర్‌ అంచు వరకు రెండు వైపులా టేపుతో కొలవాలి. ఒకవైపు తగ్గినా, రెండూ కంపెనీ పేర్కొన్న కొలత కంటే తక్కువగా ఉన్నా స్ప్రింగులు కుంగినట్లు అనుమానించాలి. స్పీడ్‌ బ్రేకర్లపై దభీమని కొట్టుకోవడం, టైరు ఒక అంచునే అరగడం, చుట్టల్లో పగుళ్లు కూడా దీని లక్షణాలే.

ఎంపికలో జాగ్రత్త
ఒకే వాహనంలోనూ ఇంజిన్, మోడల్‌ను బట్టి స్ప్రింగు మారవచ్చు. ఛాసిస్‌ నంబరు చెప్పి, సరిపోయే పార్టు నంబరు ఉన్నవే కొనాలి. మరీ గట్టివి వేస్తే ఖాళీ బండిలో కుదుపులు పెరుగుతాయి. బండి ఎత్తు పెరిగితే మలుపుల్లో బోల్తా పడే ముప్పు ఎక్కువవుతుంది. చుట్టల మధ్య రబ్బరు ముక్కలు దూర్చడం పరిష్కారం కాదు.

మార్చేటప్పుడు..
ఒకటే పాడైనా రెండూ మార్చాలి. లేకుంటే బండి ఒకవైపు ఒరుగుతుంది. కేవలం జాకీపై నిలిపిన వాహనం కిందకు వెళ్లరాదు. నొక్కిపెట్టిన స్ప్రింగు ఒక్కసారిగా విడిపోతే ప్రాణాలే పోవచ్చు. అందుకే తగిన స్ప్రింగు కంప్రెసర్‌ లేని షెడ్డులో ఈ పని చేయించరాదు. బుష్‌ల బోల్టులను చక్రాలు నేలపై ఆనిన తర్వాతే పూర్తిగా బిగించాలి. చివరగా వీల్‌ అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల దిశ సరిచూసుకోవాలి.