అంబాసిడరు యంత్రమునకు పునర్జీవనము

ఈ దీవులలో నివసించు మనకు ఒక సత్యము సుపరిచితము. ప్రధాన భూభాగమునుండి వస్తువు రావలెనన్న ముందు ఓడ రావలెను.

మా తండ్రిగారు విశాఖపట్టణమునుండి ఓడపై తెచ్చిన అంబాసిడరు కారు గత సంవత్సరము పొగ చిమ్మి నిలిచిపోగా, పాత ఇనుమునకు అమ్ముమని పలువురు సలహా యిచ్చిరి. నిర్ణయమునకు ముందు దాని చరిత్రను పరిశీలించితిని.

ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును మాతృకగా గొని, 1957లో పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారమున హిందుస్థాన్ మోటార్స్ వారు అంబాసిడరును వెలువరించిరి. తొలి కార్లలో వాల్వులు సిలిండర్ల ప్రక్కన ఉండెడివి. 1959లో వాల్వులు పైన గల 1489 సీసీల యంత్రము వచ్చినది. మా కారునందును ఇదియే కలదు. మంత్రులకును టాక్సీవారికిని దశాబ్దములపాటు అదే వాహనమైనది. 2014 మేలో ఉత్పత్తి ఆగినది.

ఈ యంత్రము గొప్పతనము వేగమున లేదు. విప్పుటకును మరల కూర్చుటకును వీలగు నిర్మాణమున కలదు. ఒక వృద్ధ మెకానిక్కుగారి పర్యవేక్షణలో నేనును నా కుమారుడును ఇంటి షెడ్డులో దానిని విప్పితిమి. వాల్వులకు పేస్టు పూసి చేతితో అరగదీసి కుదిర్చితిమి. సిలిండర్ల బోరింగునకు మాత్రము బ్లాకును వర్క్‌షాపునకు పంపవలసివచ్చినది. పిస్టన్లు, రింగులు చెన్నై ఓడలో వచ్చుదాక వేచితిమి. హెడ్డు నట్లను మధ్యనుండి అంచులకు క్రమముగా బిగించితిమి. లేనిచో హెడ్డు వంగును.

నాలుగవ నెలలో యంత్రము పలికినది. కారు తయారీ ఆగినను, దానిని ఎరిగిన చేతులు ఇంకను మిగిలియున్నవి. ఆ వృద్ధుని విద్యను మన పిల్లలు నేర్చుకొననిచో, ఏ ఓడయు దానిని మరల తేజాలదు.