తీగకు గుచ్చిన బిల్లులు

మా నాన్నకి ఒక అలవాటుండేది. విత్తనాల బిల్లయినా పురుగుమందుల బిల్లయినా, ఇంటికి రాగానే వంటింటి గుమ్మం పక్కన వేలాడే ఇనప తీగకి గుచ్చేసేవాడు. తుళ్లూరులో పాత ఇల్లు విప్పేటప్పుడు ఆ తీగ నా వాటాకి వచ్చింది. అంటే ఇంకెవరూ అక్కర్లేదన్నారు కాబట్టి వచ్చింది. అటక మీది అట్టపెట్టె ఒకటి ఎలాగూ నాదే. అందులో బూజు పట్టిన ఫ్లాపీలు, ఆరేడు సీడీలు. వాటి మీద మార్కరుతో నా చేతిరాత: టర్బో సీ, వీబీ 6, ఒరాకిల్. ఆ పెట్టెలో ఒక్క బిల్లూ లేదు.

ఇదంతా గుర్తుకు రావడానికి కారణం మా అన్నయ్య కొడుకు. బీటెక్ మూడో ఏడు. మొన్న వచ్చి, "అత్తా, నేను వాడే ఐడీఈకి చందా కట్టాలంటావా? కాలేజీ మెయిలు పెడితే ఉచితంగానే ఇస్తున్నారుగా" అన్నాడు. ఐడీఈ అంటే ప్రోగ్రాములు రాసుకునే పనిముట్టు. పాతికేళ్లుగా పాలిటెక్నిక్ పిల్లలకి ప్రోగ్రామింగ్ చెబుతున్నాను. అయినా ఆ ప్రశ్నకి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మా కాలంలో అది ప్రశ్నే కాదు మరి.

నేను 1998లో గుంటూరులో ఎంసీఏలో చేరాను. శనివారం సాయంత్రం తాడికొండ మీదుగా వచ్చే బస్సులో ఇంటికి, సోమవారం తెల్లవారుజామున మళ్లీ హాస్టలుకి. ల్యాబులో నీలం తెర మీద పసుపు అక్షరాలు, టర్బో సీ ప్లస్ ప్లస్ 3. అది ఎవరు తయారుచేశారో, వెల ఎంతో ఎవరం అడగలేదు. గోడకి స్విచ్చుబోర్డున్నట్టు కంప్యూటరుకి టర్బో సీ ఉంటుందనుకున్నాం. సీనియర్ల దగ్గర ఫ్లాపీల కట్ట ఉండేది. ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించుకుంటూ పోతే చివరిదాని ముందుది చదవనని మొరాయించేది. మళ్లీ ఇంకో సీనియరు గది తలుపు తట్టడం.

విజువల్ బేసిక్ కావాలంటే మాత్రం విజయవాడ గవర్నరుపేట వెళ్లాలి. వంద రూపాయలకి సీడీ, కవరు మీద బాల్‌పెన్నుతో రాసిన నంబరు. ఆ నంబరు కొడితేనే అది ఎక్కుతుంది. మెస్సుకి నెలకి ఏడెనిమిది వందలు కట్టే రోజుల్లో ఆ వందా మాకు పెద్దదే. అందుకే నలుగురం కలిసి కొన్నాం. కొన్నాం అనే అన్నాం, దొంగిలించాం అనలేదు. డబ్బిచ్చాం కదా!

టర్బో సీ కథ నాకు ఉద్యోగంలో చేరాక తెలిసింది. దాన్ని చేసిన బోర్లాండ్ అనే అమెరికా కంపెనీని నడిపినవాడు ఫిలిప్ కాన్ అనే ఫ్రెంచివాడు. కంపైలర్లు వందల డాలర్లు పలికే 1983లో ఆయన టర్బో పాస్కల్‌ని 49.95 డాలర్లకి అమ్మాడు. 1987లో వచ్చిన టర్బో సీ వెల 99.95. డబ్బు లేనివాడి చేతికీ పనిముట్టు అందాలన్నది ఆయన వ్యాపార సూత్రం. ఆయన లైసెన్సు కాగితం ఇంకా ముచ్చటైనది. దీన్ని పుస్తకంలా చూసుకోండి అన్నాడు. ఎవరికైనా ఇవ్వొచ్చు, ఏ మిషను మీదైనా వేసుకోవచ్చు, ఒకే సమయంలో ఇద్దరు మాత్రం చదవకూడదు. మా ల్యాబులో ముప్పై మిషన్లు ఒకే పుస్తకాన్ని ఒకేసారి చదివేవి.

చట్టం లేక కాదు. 1957 నాటి కాపీరైటు చట్టంలోకి 1984 సవరణతో కంప్యూటరు ప్రోగ్రాములూ చేరాయి. 1995 మేలో అమలుకి వచ్చిన 1994 సవరణ 63బీ సెక్షన్ తెచ్చింది: దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటరులో వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. నేను మొదట పనిచేసిన కాలేజీలో ఈ చట్టం ఏడాదికొకసారి గుర్తుకొచ్చేది, తనిఖీవాళ్లు వచ్చే ముందు రోజు. లైసెన్సు బిల్లులు అడుగుతారేమోనని సగం మిషన్లకి 'రిపేరు' అని చీటీ అంటించేవాళ్లం. ఆ చీటీలు నేనే రాశాను. నా అక్షరాలు బాగుంటాయని.

అవతలివాళ్లకి ఇదంతా తెలియదనుకోవడం మా అమాయకత్వం. 1976 ఫిబ్రవరిలో ఇరవయ్యేళ్ల బిల్ గేట్స్, తన బేసిక్‌ని వాడేవాళ్లలో చాలామంది దాన్ని కొననే లేదని బహిరంగంగా ఉత్తరం రాసి చిరాకు పడ్డాడు. అదే మనిషి 1998లో, నేను గుంటూరు హాస్టల్లో ఫ్లాపీలు మారుస్తున్న ఏడాదే, చైనావాళ్ల గురించి మాట్లాడుతూ, ఎలాగూ దొంగిలిస్తారు కాబట్టి మాదే దొంగిలించనీ, అలవాటు పడ్డాక డబ్బు వసూలు చేసే దారి వెతుక్కుంటాం అన్న అర్థంలో చెప్పాడు. మైక్రోసాఫ్టు హైదరాబాదులో డెవలప్‌మెంట్ సెంటరు పెట్టిందీ ఆ ఏడే.

ఇక ఆ తీగ సంగతి. దాని మీద అడుగునెక్కడో బీటీ పత్తి మొదటి బిల్లుంది. 2002 మార్చిలో కేంద్రం బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. 450 గ్రాముల పొట్లం పదహారు వందల పైమాటే. అందులో పెద్ద భాగం విత్తనానికి కాదు, లోపల పెట్టిన, పురుగుని తట్టుకునే జన్యువుకి కట్టే రాయల్టీ. మా నల్లరేగడి రైతు సాఫ్ట్‌వేరు లైసెన్సు లాంటిదానికి డబ్బు కట్టడం అదే మొదలు. ఇక్కడివాళ్లకి ఆ వెల మింగుడు పడలేదు. రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్యాల మీద విచారించే ఎంఆర్‌టీపీ కమిషను దాకా వెళ్లి, 2006లో పొట్లం 750కి దింపించింది. ఈలోగా లూజు విత్తనాలు దిగాయి. బిల్లు లేదు, పొట్లం మీద పేరు లేదు, సగం ధర. అచ్చం నా గవర్నరుపేట సీడీలే.

ఒక ఏడు మా నాన్న కూడా అవి వేశాడు. గూడ పట్టే వేళకి పచ్చపురుగు తగిలింది. కొట్టువాడి దగ్గరికి వెళితే, నువ్వు నా దగ్గర కొన్నావని రుజువేదీ అన్నాడు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని నాన్న అన్నమాట నాకింకా గుర్తు: "బిల్లంటే డబ్బు కట్టినట్టు కాదమ్మా. రేపు తేడా వస్తే వాడి గుమ్మం తొక్కే హక్కు." నష్టపరిహారం అడగాలన్నా అధికారులు ముందు అడిగేది బిల్లే. ఆ తర్వాత ఆయన లూజు జోలికి పోలేదు. తీగ బరువెక్కింది.

విత్తనానికీ సీడీకీ తేడా ఉంది. సంకరజాతి గింజ దాచుకుని మళ్లీ వేస్తే రెండో ఏడు సత్తువ తగ్గుతుంది. సీడీ వెయ్యిసార్లు కాపీ అయినా తగ్గదు. అందుకే విత్తనం కంపెనీలు ఏటా అమ్ముకోగలిగాయి, సాఫ్ట్‌వేరువాళ్లు అలవాటు చేసి ఊరుకోవాల్సి వచ్చింది.

విచిత్రమేమిటంటే, దొంగిలించాల్సిన అవసరం ఎప్పుడో పోయింది. జీసీసీ కంపైలరు 1987 నుంచి ఉచితం. లైనక్స్ 1991లో వచ్చింది. ఐబీఎం 2001లో ఎక్లిప్స్ అనే ఐడీఈని అందరికీ వదిలేసింది. 2008లో మైక్రోసాఫ్టే డ్రీమ్‌స్పార్క్ పేరుతో విద్యార్థులకి తన పనిముట్లు ఊరికే ఇచ్చింది, 2014లో విజువల్ స్టూడియో కమ్యూనిటీ పెట్టింది. హైదరాబాదు 'స్వేచ్ఛ' వాళ్లు లైనక్స్‌కి తెలుగు నేర్పి కాలేజీల చుట్టూ తిరిగారు. మా ల్యాబులు మాత్రం కదల్లేదు. 64 బిట్ల విండోస్ టర్బో సీని నడపనని తేల్చి చెబితే, డాస్‌బాక్స్ అనే గూడు కట్టి అందులో కూర్చోబెట్టాం. కారణం సిలబస్సు, రికార్డు పుస్తకాలు, ప్రాక్టికల్స్‌కి వచ్చే ఎక్స్‌టర్నల్. క్లియర్‌స్క్రీన్ రాయని ప్రోగ్రాముకి మార్కు కోసిన మహానుభావుల్ని చూశాను. పిల్లలు టర్బో సీతో వచ్చే కోనియో హెడరు లేనిదే సీ లేదనుకుని కంపెనీ పరీక్షలకి వెళ్లి, అక్కడి కంపైలరు ఆ పేరే ఎరగనంటే బిక్కమొహం వేసేవాళ్లు. ఉచితంగా దొరికేదాన్ని వదిలి, పాత దొంగసొత్తుకి కాపలా కాశాం మేం.

ఈ తరం లెక్క వేరు. అడోబీ 2013లో, ఐడీఈలు చేసే జెట్‌బ్రెయిన్స్ 2015లో చందాలకి మారాయి. జెట్‌బ్రెయిన్స్ మీద ప్రోగ్రామర్లు గోల చేస్తే, ఏడాది కట్టినవాడికి, చందా ఆపేసినా పాత వెర్షను శాశ్వతంగా ఉండే ఏర్పాటు చేసింది. విద్యార్థికి ఉచితమే, కానీ దానితో సంపాదించకూడదన్నది షరతు.

మావాడి చిక్కు అక్కడే ఉంది. వాడు గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి టిక్కీల, అంటే మిర్చి బస్తాల, లెక్క చూసే ప్రోగ్రాము రాస్తున్నాడు. పన్నెండు వేలకి మాట. మాది రెండెకరాల మెట్ట, 2015లో రాజధాని అమరావతి భూసమీకరణలోకి పోయింది. ఎకరానికి ముప్పై వేలతో మొదలై ఏటా మూడు వేలు పెరిగేలా ప్రభుత్వం ఇచ్చిన కౌలు మీద ఇల్లు నడిచింది. పన్నెండు వేలంటే వాడికి చిన్నమాట కాదు.

చివరికి ఇలా చెప్పాను. చదువుకునేటప్పుడు పైసా కట్టకు, ఉచితంగా ఇచ్చింది దర్జాగా తీసుకో, క్రాకుల జోలికి పోకు. తేడా వస్తే అడగడానికి నీకు మాస్టర్లున్నారు, స్నేహితులున్నారు. కోల్డ్ స్టోరేజీవాడి దగ్గర డబ్బు పుచ్చుకునే రోజు నుంచి మాత్రం, సంపాదనకి కూడా ఉచితంగా వాడుకోనిచ్చే పనిముట్టుకి మారు, లేదా చందా కట్టు. అర్ధరాత్రి లెక్క తప్పితే వాడు నీ గుమ్మం తొక్కుతాడు. నువ్వు తొక్కడానికీ ఒక గుమ్మం ఉండాలి.

ఒక నెల చందా కట్టాడు. ప్రోగ్రాము పూర్తిచేసి బిల్లు రాసుకుని వెళ్లాడు. సాయంత్రం మొహం ముడుచుకుని వచ్చాడు.

"డబ్బిచ్చాడా?"

"ఇచ్చాడత్తా. బిల్లెందుకన్నాడు. ప్రోగ్రాముని పెన్‌డ్రైవులో కూడా వేసివ్వమన్నాడు. బావమరిది కోల్డ్ స్టోరేజీలో వేసుకుంటాడట."