బిందె పొర్లినా చుక్క పోకుండా
సూర్యాపేట పక్కన పిల్లలమర్రి, కాకతీయుల కాలం నాటి గుడి. ఆ గుమ్మంలో మా నాయనమ్మను ఫోటో తీశాను. వెనక ఎండ బాగా వచ్చింది, ముఖం మాత్రం నల్లగా పడింది. ఇప్పుడామె లేదు.

పిక్సెల్ అంటే బిందె అనుకోండి. వెలుతురు పడితే ఎలక్ట్రాన్లు నిండుతాయి. ఎండకు పొర్లిపోకూడదని ఫోన్ తొందరగా ఆపేస్తే, నీడలో ఉన్న బిందెకు నాలుగు చుక్కలే దక్కుతాయి.

ఈ తిప్పలు పాతవే. 1850లలో ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే సముద్రానికొకటి, ఆకాశానికొకటి నెగటివ్ తీసి కలిపాడు. 2005లో జపాన్ తోహోకు యూనివర్సిటీలో సుగావా బృందం, పొర్లిందాన్ని పట్టడానికి పిక్సెల్‌లోనే ఇంకో గిన్నె పెట్టింది. అదే కెపాసిటర్. ఇక పొర్లినా పోదు, నీడ బిందె నిండేదాకా ఆగొచ్చు.

కోదాడ, మిర్యాలగూడ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఫోటో నొక్కేముందు ముఖం మీద ఒకసారి వేలు పెట్టండి. ఎండ పోతే పోనీ, ముఖం మిగలాలి.