మరుభూమియు, మన చెఱువులును



అమరసింహుడు భూమివర్గమున నేలలకు పేర్లు చెప్పుచు, సకల సస్యములు పండు నేల ఉర్వర యనియు, చవుటినేల ఊషర మనియు, నీరు లేనిది మరువు, ధన్వము అనియు, దున్నక విడిచినది ఖిల మనియు వేఱుపఱచెను. మొదట పండి, పిదప మనుష్యుని చేతిలో చెడిన నేలకు మాత్రము ఆ వరుసలో పేరు కానరాదు. నేటి నా ప్రసంగము ఆ పేరులేని నేలను గూర్చినది. 1994లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యమున దేశములన్నియు కూడి యొక ఒడంబడిక చేసికొన్నపుడు, ఎడారి యగుట యనగా మెట్టసీమలలో నేల సత్తువ యుడిగిపోవుట యని నిర్వచించి, అందులకు వాతావరణపు మార్పులతో పాటు మనుష్యుల చేతలను గూడ కారణములుగా చెప్పిరి. అది చదివినపుడు నాకు రాయలసీమయే కన్నులయెదుట నిలిచినది.

అనంతపురము ప్రాంతమున ఏటికి సగటు వాన ఇంచుమించు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘము పడమటి కనుమలలోనే తన నీటిని చాలవఱకు వదలి వచ్చును. ఈశాన్యపు వాన సముద్రతీరము నుండి ఇంత దూరము చేరునప్పటికి అలసిపోవును. విజయనగర ప్రభువుల నాడును ఇది వాన చాలని సీమయే. కనుక వానను నిందించుట సులభమే గాని, చరిత్రకు సమ్మతము గాదు.

కడప జిల్లా పోరుమామిళ్లలో 1369వ సంవత్సరపు సంస్కృత శాసనమొకటి కలదు. బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు అనంతరాజ సాగరమను చెఱువును కట్టించి దానిని వేయించెను. దినమునకు వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండేండ్ల కాలము ఆ పనికి పట్టెనని అందు చెప్పబడినది. అంతకంటె విలువైన దేమనగా, మంచి చెఱువునకు పండ్రెండు అంగములును, ఆఱు దోషములును అందు లెక్కించిరి. ధర్మపరుడగు రాజు, జలశాస్త్ర మెఱిగిన బ్రాహ్మణుడు, గట్టి బంకనేల, కొండల నడుమ రాతికట్ట, పని తెలిసిన కూలీల గుంపు మొదలగునవి అంగములు. కట్ట చెమర్చుట, చవుటినేల, చెఱువు నడుమ తాబేటివీపు వంటి మిట్ట, నీరు కొంచెమై ఆయకట్టు విస్తారమగుట, నీరు మెండై భూమి కొంచెమగుట దోషములు. ఆఱవది రెండు రాజ్యముల పొలిమేర యందుండుట. ఈ మాట చెప్పినపుడెల్ల మా పాఠశాల బాలురు నవ్వెడివారు. నీటికి రాజ్యమేమి యని వారి సందేహము.

అప్పుడు నేను వారికి వేదవతిని చూపెడివాడను. హగరి యని దానికే పేరు. పై భాగము మైసూరు రాజ్యము, దిగువ చెన్నరాజధాని. మైసూరువారు మారికణివె కడ ఆనకట్ట తలపెట్టగా తగవు పుట్టి, 1892లో రెండు ప్రభుత్వములు ఒప్పందము చేసికొనెను. ఆనకట్ట 1907లో పూర్తియయ్యెను. దిగువను బొమ్మనహాళు, కణేకల్లు ప్రాంతములలో ఏటిలో నీటికంటె ఇసుకయే హెచ్చు. ఆషాఢమున పడమటి గాలి యా ఇసుకను లేపి తూర్పు ఒడ్డునకు మోయును. దర్గా హొన్నూరు, గోవిందవాడ పొలములలో ఇసుక తిన్నెలు అట్లు పెరిగినవే. ఆనకట్ట యొక్కటే కారణమని నే ననను. ఒడ్డున చెట్టు లేనిచో గాలికి అడ్డమేది?

ఇక చెఱువుల సంగతి. కట్టించుట కీర్తికొఱకు, కాపాడుట యెవరికొఱకు? పెద్ద లిందులకు దశబంధమను ఇనామును కల్పించిరి. చెఱువు కట్టినవానికి, కాచువానికి పంటలోనో శిస్తులోనో పదియవ పాలు వంటి భాగము ముట్టును. కట్టకు గండి పడకుండ, తూము పూడకుండ, మరవ చెదరకుండ చూచుట వాని విధి. కాలక్రమమున ఇనాము నిలిచినను విధి సడలెను. 1858లో గండ్లు పూడ్చుటకు ఊరివారు బలవంతముగ నైనను రావలెనని చట్టము చేసిరి. 1883లో చెఱువుల పునరుద్ధరణకు వేఱు పథకము పెట్టిరి. జీతము లేని ధర్మము, ధర్మము లేని జీతము రెండును నిలువలేదు.

1876 మొదలు 1878 వఱకు ధాత కఱవు. ఆ నడుమనే, 1877లో, వంటచెఱకునకును, ఎండునేల పచ్చబడుటకును పనికివచ్చునని అటవీశాఖవారు జమైకానుండి విత్తనములు తెప్పించి కడప జిల్లా కమలాపురమున నాటించిరి. మనము సర్కారు తుమ్మ యనునది అదియే. వారి యుద్దేశము మంచిదే. పేదల పొయ్యి దానివలన మండుచునే యున్నది. కాని పూడిన చెఱువుల లోపల అది యెంత దట్టముగా నల్లుకొన్నదనగా, గట్టున నిలుచున్నవానికి లోపల చెఱువున్నదని తోపదు.

చెఱువును పూడ్చిన మన్ను ఆకాశమునుండి పడినది కాదు. మన చేలమీది మన్నే. పూర్వము కొఱ్ఱ, సజ్జ, జొన్నలతో కంది, అలసంద, అనుము కలిపి విత్తెడివారు. ఒకటి పోయినను ఒకటి చేతికి వచ్చును. కోసిన పిదప మోళ్లు నేలను పట్టుకొని యుండును. 1960 తరువాత వేరుశనగ వేగముగా వ్యాపించి, 1990 నాటి దశకములో అనంతపురము జిల్లాలో 7 లక్షల హెక్టార్లు దాటెను. రొక్కము చేతికి వచ్చు పైరు గనుక రైతును తప్పుపట్టను. అయినను దానిని వేళ్లతో పెఱికి తీయవలెను. పలుచని యెఱ్ఱనేల వదులై, పట్టుకొను మోడు లేక, తరువాతి జడివానకు వాగులోనికి, వాగునుండి చెఱువులోనికి పోవును. చేనున నష్టము, చెఱువున పూడిక. రెండు వ్యాధులుగా కనబడు నొకే వ్యాధి.

మందు కూడ నొక్కటే. వేసవిలో చెఱువు ఎండినపుడు ఒండ్రు నెత్తి చేలకు తోలుట మన తాతల నాటి పని. తెలంగాణమున 2015లో మిషన్ కాకతీయ యను పేర ప్రభుత్వము పూడిక తీయించగా, రైతులు తమ బండ్లతో, ట్రాక్టర్లతో ఆ మట్టిని పొలములకు చేర్చుకొనిరి. బంకమన్ను కలిసిన యెఱ్ఱనేల తడిని ఎక్కువ దినములు నిలుపును. అయితే ముందు తుమ్మను తీయవలెను. మొదలు నఱికి విడిచినచో మరల చిగుర్చును గనుక వేళ్లతో త్రవ్వవలెను. ఆ పని ఏరువాకకు ముందే ముగియవలెను. తొలకరి పడినచో బండి చెఱువులోనికి దిగదు.