గోడ నెక్కిన చెమ్మ

దీపపు వత్తిలో నూనె ఎక్కునట్లు నేలలోని చెమ్మ ఇటుక గోడలోనికి ప్రాకును. మన పెద్దలు పునాది ఎత్తుగా లేపి, సున్నము పూసిరి. ఎక్కిన చెమ్మ సున్నము గుండ ఆరిపోయెడిది. ఇంగ్లండులో 1875 నాటి ప్రజారోగ్య చట్టము ననుసరించి 1877లో వెలువడిన మాదిరి నిబంధనలు, గోడలో నేలమట్టమునకు పైగా నీరు చొరని పొర వేయవలెనని విధించినవి. పలకరాళ్లను సిమెంటులో పేర్చుట ఆనాటి పద్ధతులలో నొకటి.

మేము నివసించిన పాత ఇంటి ముందు రోడ్డు మాటిమాటికి మెరకవేయగా పునాది మన్నులో కలిసెను. ఊడిన సున్నముపై సిమెంటు పూయించితిమి. చెమ్మ ఆరక మరింత పైకెక్కెను! తుదకు సిమెంటు పెరికించి, మన్ను తీయించి, తిరిగి సున్నమే పూయించితిమి. గోడ క్రమముగా ఆరెను.

క్రొత్తగా కట్టువారు ఆ పొరను మరువకుడు. కట్టిన పిమ్మట దానిని మన్ను కప్పకుండ కాచుకొనుడు.